మన దారికి తగిన బ్రేకు



నంబులపూలకుంట నుంచి కడపకు కారులో పోవాలంటే గాలివీడు, రాయచోటి దాటి గువ్వలచెరువు ఘాటు దిగాలి. ఇటు కదిరి వైపు తిరిగితే పట్టుచీరల బేరానికి ధర్మవరం, సరుకుకు హిందూపురం, ఉద్యోగానికి పెనుకొండ. పెనుకొండ దగ్గర బెంగళూరు హైవే ఎక్కామంటే బండ్లన్నీ వంద మీదే పోతుంటాయి. ఇవి కాక ఏడాదికి ఒకటి రెండుసార్లు తిరుమల. అంటే మన మండలంలో ఒక మామూలు కుటుంబం కారు, పొద్దున పాలకో బడికో తిరిగే కారే, పల్లె రోడ్డు, హైవే, ఘాటు మూడూ చూస్తుంది. పల్లె రోడ్డు కూడా తక్కువదేం కాదు. మలుపు తిరిగేసరికి రోడ్డు నిండా గొర్రెల మంద ఉంటుంది. కోతల కాలంలో ఉలవకట్టె తొక్కించడానికి రోడ్డు మీదే పరిచి ఉంటారు. ఆ ఎండుకట్టె మీద బ్రేకు కొడితే టైరుకు నేల దొరకదు.

ఈ మధ్య మన ప్రాంతంలో కార్లు బాగా పెరిగాయి. పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. బెంగళూరు దగ్గర కాబట్టి అక్కడ వాడిన సెకండ్ హ్యాండ్ కార్లూ మన ఊళ్లకు చాలానే వస్తున్నాయి. కారు కొన్న కుర్రవాళ్లు, ముఖ్యంగా పాత కారు కొన్నవాళ్లు, తరచూ అడిగే మాట ఒకటుంది: "కంపెనీ ప్యాడ్లు తీసేసి ఇంకా మంచివి వేయించుకుంటే బ్రేకు బాగా పడుతుందా? ఏవి వేయించాలి?" ఈ రోజు ప్రసంగమంతా ఆ ప్రశ్న మీదే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రోజూ తిరిగే కారుకు ప్యాడ్లు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది అవి ఎంత గట్టిగా పట్టుకుంటాయని ఒక్కటే కాదు, ఎంత వేడి దాకా ఒకేలా పట్టుకుంటాయన్నది కూడా. మన దారులకు ఏ మేరకు వేడి తట్టుకునేవి కావాలో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

రెండు అరచేతులు కలిపి ఒకసారి గట్టిగా రుద్దండి. వెచ్చబడ్డాయి కదా. కారు ఆగడం కూడా ఇదే పని. చక్రంతో పాటు ఒక ఇనుప డిస్కు తిరుగుతుంటుంది. దానికి రెండు పక్కలా రెండు ప్యాడ్లుంటాయి. మీరు పెడల్ తొక్కగానే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్‌లోని పిస్టన్ ముందుకొచ్చి వాటిని డిస్కుకు అదుముతుంది. కారుకున్న వేగమంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. ఎంత వేడి? మనుషులతో కలిపి 1,200 కిలోల బరువున్న చిన్న కారు 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే పుట్టే వేడితో దాదాపు అర లీటరు నీళ్లు మరిగించవచ్చు. అదే కారు 100 మీద నుంచి ఆగితే ఆ వేడి దానికి రెండున్నర రెట్లు దాటుతుంది. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది, లెక్క అలా ఉంటుంది.

ఇప్పుడు ఘాటు సంగతి చూడండి. అదే 1,200 కిలోల కారు నిలువుగా 100 మీటర్ల ఎత్తు దిగిందంటే, ఆ దిగడం వల్ల వచ్చే శక్తి 60 మీద నుంచి ఏడుసార్లు పూర్తిగా ఆగినదానికి సమానం. గేరు సాయం లేకుండా ఒట్టి బ్రేకు మీదే దిగితే ఆ వేడంతా ప్యాడ్ల మీదా డిస్కుల మీదా పడుతుంది. పైగా ముందుకు వంగిన బండి బరువు ఎక్కువగా ముందు చక్రాల మీదికి వస్తుంది. మామూలు రోడ్డు మీదే బ్రేకు పనిలో దాదాపు 70 శాతం ముందు చక్రాలది. చాలా చిన్న కార్లకు వెనక డిస్కు ఉండదు, డ్రమ్ములో బ్రేక్ షూలు ఉంటాయి. అందుకే ప్యాడ్లు అనగానే మనం ప్రధానంగా మాట్లాడుకునేది ముందు చక్రాల గురించి.

ప్యాడ్ అంటే ఏమిటి? ఒక ఇనుప పలక, దాని మీద అతికించిన నల్లటి ముద్ద. ఆ ముద్దలో పదీ ఇరవై రకాల సరుకులు ఉంటాయి. అన్నిటినీ కలిపి పట్టి ఉంచేది ఫినాలిక్ రెజిన్ అనే జిగురు. బలానికి నారలు, వేడిని లాగడానికి లోహపు పొడులు, రాపిడి మరీ ఎక్కువ కాకుండా గ్రాఫైటు, తక్కువ కాకుండా గరుకు పొడులు, ఇక నింపడానికి ఖనిజాలు. ఆ నింపే ఖనిజాల్లో ముఖ్యమైనది బెరైటీస్, మన వాళ్లు ముగ్గురాయి అంటారు. ప్రపంచంలోనే పేరున్న ముగ్గురాయి నిక్షేపం మన పక్కనే, ఓబులవారిపల్లె మండలం మంగంపేటలో ఉంది. అక్కడి రాయి చమురు బావుల తవ్వకానికి ఎక్కువగా పోతుంది. కాని బ్రేకు ప్యాడ్లో ముగ్గురాయి ఎందుకు వేస్తారంటే అది బరువైన ఖనిజం, వేడికి తొందరగా మారదు, శబ్దాన్ని కొంత అణుస్తుంది.

ఈ ముద్దలో ఒకప్పుడు ఇంకో ఖనిజం ఉండేది, దాని చరిత్రా మన దగ్గరిదే. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లి గనుల్లో రాతినార తవ్వేవారు. రాతినార అంటే ఆస్బెస్టాస్. వేడికి చెక్కుచెదరదు, దారంలా నేయవచ్చు, చవక. ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కువ కాలం బ్రేకు లైనింగులు దాంతోనే చేశారు. దాని ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ దాకా తెస్తుందని తేలాక చాలా దేశాలు నిషేధించాయి. మన దేశంలో ఇప్పటికీ పూర్తి నిషేధం లేదు. అందుకే ప్యాడ్ల డబ్బా మీద "ఆస్బెస్టాస్ ఫ్రీ" అని ఉందో లేదో చూడమని చెబుతున్నాను. ఆ మాట లేని చవక ప్యాడ్లు కొనకండి. ఇది మీ కోసం మాత్రమే చెప్పడం లేదు. షెడ్డులో డ్రమ్ము విప్పి, లోపలి పొడిని కంప్రెసర్ గాలితో ఊదే పిల్లవాడి కోసం కూడా చెబుతున్నాను. పదహారు పదిహేడేళ్ల కుర్రాడు, ముఖానికి గుడ్డ కూడా ఉండదు. ఊదకుండా తడిగుడ్డతో తుడవమని అడగండి. మీరు అడిగితే వాళ్లు వింటారు.

బ్రేకు మీద మనిషి తల పట్టుకోవడం కొత్తేమీ కాదు. 1888లో జర్మనీలో బెర్తా బెంజ్ తన భర్త చేసిన మోటారు బండిలో ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు వంద కిలోమీటర్లు పైగా వెళ్లింది. దారిలో చెక్క బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గర ఆగి వాటికి తోలు వేయించింది. బ్రేకు లైనింగు అక్కడ మొదలైందని చెబుతారు. తర్వాత ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన 1897లో బ్రేకు దిమ్మెల వ్యాపారం పెట్టాడు. కొండ దారుల్లో గుర్రపు బండ్లు దిగేటప్పుడు బండివాళ్లు పాత బూటును చక్రానికి అడ్డం పెట్టడం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందట. డిస్కు బ్రేకుకు 1902లోనే లాంచెస్టర్ అనే ఆయన పేటెంటు తీసుకున్నా, లోకం దాన్ని నమ్మింది 1953లో. ఫ్రాన్సులో లె మాన్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ కారు గెలిచినప్పుడు. అక్కడ గెలిపించింది ఒక్కసారి ఆగే బలం కాదు. ఇరవైనాలుగు గంటల పందెంలో మళ్లీ మళ్లీ వేడెక్కినా డిస్కు తెరిచి ఉంటుంది కాబట్టి గాలికి చల్లారుతుంది, బ్రేకు మొదట్లో పట్టినట్టే చివర్లోనూ పడుతుంది. మనకు కావలసిందీ అదే గుణం, మన దారులకు తగిన మోతాదులో.

వేడెక్కితే ఏమవుతుంది? 300 డిగ్రీలు దాటేసరికి మామూలు ప్యాడ్లోని రెజిన్ చెడిపోవడం మొదలవుతుంది. వాయువులు విడుదలవుతాయి. ప్యాడుకూ డిస్కుకూ మధ్య పట్టు తగ్గుతుంది. మీరు పెడల్ ఎంత గట్టిగా తొక్కినా, పెడల్ కాలికి గట్టిగానే తగులుతున్నా, బండి మాత్రం జారుతూనే ఉంటుంది. దీన్నే ఇంగ్లీషులో బ్రేక్ ఫేడ్ అంటారు. గువ్వలచెరువు దిగేటప్పుడు ఒక్కోసారి కాలిన వాసన వస్తుంది చూడండి, అది మొదటి హెచ్చరిక. వాసన రాగానే బండి పక్కకు తీసి ఆపాలి, చల్లారనివ్వాలి. వేడి డిస్కు మీద నీళ్లు మాత్రం పోయకండి, వంకరపోతుంది, పగుళ్లు రావచ్చు.

ఫేడ్‌కు తోబుట్టువు ఇంకోటి ఉంది, అది ఇంకా ప్రమాదం. బ్రేక్ ఆయిల్ మరగడం. మనం ఆయిల్ అంటాం గాని అది నూనె కాదు, గాలిలోని తేమను పీల్చుకునే ద్రవం. కొత్త డాట్ 3 ద్రవం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. డాట్ 4 అయితే 230. కాని తేమ పీల్చుకున్నాక ఆ హద్దులు 140కీ 155కీ పడిపోతాయి. మరిగిన ద్రవంలో ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ మెత్తగా నేల దాకా పోతుంది, బ్రేకు మాత్రం పడదు. "బ్రేకులు ఫెయిలయ్యాయి" అని మనం వినే వార్తల్లో కొన్నిటి వెనక ఇదే ఉంటుంది. ఎంత ఖరీదైన ప్యాడ్లు వేసినా ఐదారేళ్ల నాటి ఆయిల్ ఉంటే ఘాటులో అవి మిమ్మల్ని కాపాడలేవు. ఆయిల్ రెండేళ్లకోసారి పూర్తిగా మార్చాలి. డబ్బా మూత మీద డాట్ 3 అని ఉందా, డాట్ 4 అని ఉందా చూసుకోండి. 3 ఉన్నచోట 4 పోయవచ్చు. డాట్ 5 అని విడిగా ఒకటుంది, అది సిలికాన్‌తో చేసింది, వీటితో కలవదు, దాన్ని ముట్టుకోవద్దు.

ఇక ప్యాడ్ల రకాలకు వద్దాం. అంగట్లో మీకు మూడు మాటలు వినిపిస్తాయి. ఆర్గానిక్, సెమీ మెటాలిక్, సెరామిక్. ఆర్గానిక్ అంటే రాతినార లేకుండా రకరకాల నారలతో చేసినవి. మెత్తగా, శబ్దం లేకుండా పట్టుకుంటాయి, డిస్కును తినవు, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కూడా మొదటి తొక్కుడుకే పడతాయి. కాని వేడికి తొందరగా లొంగుతాయి. సెమీ మెటాలిక్‌లో ఇనుము, ఉక్కు నారలు ఎక్కువ. వేడి బాగా తట్టుకుంటాయి, ఘాటుకు మంచివి, కాని కాస్త శబ్దం, నల్లటి పొడి, డిస్కు అరుగుదల ఎక్కువ. సెరామిక్ అని అమ్మేవాటిలో చాలావరకు సెరామిక్ నారలు కలిపిన ఆర్గానిక్ ముద్దే. శబ్దం తక్కువ, చక్రాలకు పొడి అంటదు, ఎక్కువ కాలం వస్తాయి. ఆ పేరు వినగానే అన్నిటికన్నా గొప్పవనుకోవద్దు. సెరామిక్ అన్న పేరు పెట్టడానికి ఇంత ఉండాలన్న కొలత ఏదీ లేదు. ఒక కంపెనీ సెరామిక్, ఇంకో కంపెనీ సెరామిక్ ఒకటి కావు.

ఒకప్పుడు వేడిని లాగడానికి ప్యాడ్లలో రాగి కూడా బాగానే కలిపేవారు. అరిగిన పొడి వాన నీటితో వాగుల్లో చేరి చేపలకు హాని చేస్తోందని అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2010లో చట్టాలు చేశాయి. దాంతో ప్రపంచమంతా ముద్దల వంటకం మార్చుకోవలసి వచ్చింది. మనకు వాన తక్కువైనా వాగులూ చెరువులూ మనవే కాబట్టి ఈ సంగతి చెబుతున్నాను.

మరి రేసింగ్ ప్యాడ్లు? కొంతమంది కుర్రవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. దయచేసి వద్దు. అవి వేడెక్కాకే సరిగ్గా పట్టుకునేలా చేసినవి. పొద్దున్నే ఊళ్లో, కారు తీసిన మొదటి నిమిషంలో బడిపిల్లవాడు అడ్డం వస్తే, ఆ చల్లటి ప్యాడ్ మీ కంపెనీ ప్యాడ్ కన్నా ఆలస్యంగా పడుతుంది. డిస్కును గీసి పారేస్తుంది. రోజూ తిరిగే కారుకు మొదటి తొక్కుడే ముఖ్యం.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. అప్‌గ్రేడ్ ప్యాడ్లు వేయించుకుంటే కారు తక్కువ దూరంలో ఆగుతుందని చాలామంది నమ్ముతారు. ఒక్కసారి గట్టిగా కొట్టిన బ్రేకు విషయంలో అది సాధారణంగా నిజం కాదు. మన దేశంలో కొత్త కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తప్పనిసరి. మీ ఇప్పటి ప్యాడ్లతో పొడి రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు ఏబీఎస్ పని చేసి పెడల్ కింద గడగడమని అదిరిందంటే, ప్యాడ్ తన పని పూర్తి చేసిందని అర్థం. ఆపైన ఆపాల్సింది టైరు. 80 మీద పోతున్న కారు, మంచి రోడ్డు, మంచి టైర్లు ఉంటే, డ్రైవరు తేరుకోవడానికి ఒక సెకను తీసుకుంటే దాదాపు 22 మీటర్లు, బ్రేకు పట్టాక ఇంకో 30 మీటర్ల పైన పోయి ఆగుతుంది. ఈ 50 మీటర్లలో ప్యాడ్ మార్చి మీరు తగ్గించుకోగలిగింది చాలా తక్కువ. అరిగిన టైర్లు మార్చితే తగ్గేది ఎక్కువ. 80 బదులు 60 మీద పోతే మొత్తం 35 మీటర్లలోపే ఆగుతారు. ఉలవకట్టె మీద, ఇసుక మీద ఏ ప్యాడూ సాయం చేయదు. మంచి ప్యాడ్ విలువ తెలిసేది పదో తొక్కుడు దగ్గర. ఘాటు సగం దిగాక, ఆరుగురు మనుషులూ సామానూ ఉన్నప్పుడు, మొదటిసారి పట్టినట్టే పట్టడంలో ఉంది దాని విలువ.

కొనేముందు ప్యాడ్ అంచును వెలుతురులో చూడండి. చాలా కంపెనీలు అక్కడ అంకెలూ అక్షరాలూ ముద్రిస్తాయి. ఆ వరుస చివర రెండు ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన ఉంటాయి, ఎఫ్ఎఫ్ అనో, జీజీ అనో, ఈఎఫ్ అనో. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా కాలినప్పటి పట్టు. ఈ అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. రెండో అక్షరం అక్షరక్రమంలో మొదటిదానికన్నా ముందుదైతే, అంటే ఎఫ్ఈ లాంటిదైతే, వేడెక్కేకొద్దీ పట్టు తగ్గుతుందన్న మాట. మన ఘాటు దారులకు అది వద్దు. మామూలు కారుకు ఎఫ్ఎఫ్ చాలు. ఈ అక్షరాలు మన్నికను గాని నాణ్యతను గాని చెప్పవు, పట్టు ఏ మేరకో మాత్రమే చెబుతాయి. దీనికన్నా నేను ఎక్కువ నమ్మేది ఇంకో గుర్తు. గుండ్రంలో ఈ అనే ఇంగ్లీషు అక్షరం, పక్కన ఒక అంకె, దగ్గరలో 90 ఆర్ అని ఉంటుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 90 కింద పరీక్ష పాసైందని దాని అర్థం. కారుతో వచ్చిన అసలు ప్యాడుకు 15 శాతం అటూ ఇటూలోనే ఈ ప్యాడ్ పట్టు ఉందని పరీక్షించి చూస్తారు. మరీ ఎక్కువ పట్టినా పాస్ చేయరు, అది గమనించండి. ముందు చక్రాలు హఠాత్తుగా ఎక్కువ పడితే వెనక చక్రాలతో ఉన్న లెక్క తప్పుతుంది.

మన దక్షిణాదిలోనే ఈ సరుకు చేసే పాత కంపెనీలున్నాయి. మద్రాసులో మొదలైన బ్రేక్స్ ఇండియా, రానే, సుందరం బ్రేక్ లైనింగ్స్ దశాబ్దాలుగా వాహనాల కంపెనీలకే సరఫరా చేస్తున్నాయి. రానే వాళ్ల ప్లాంటు ఒకటి హైదరాబాదులో కూడా ఉంది. కార్ల కంపెనీకి ప్యాడ్లు చేసి ఇచ్చే సంస్థ తన సొంత పేరుతో అమ్మే ప్యాడ్లు చాలాసార్లు తక్కువ ధరకే దొరుకుతాయి. విదేశీ పేరు ఉంటేనే అప్‌గ్రేడ్ అనుకోనక్కర్లేదు. అసలు భయపడాల్సింది డూప్లికేటు గురించి. అదే రంగు డబ్బా, అదే బొమ్మ, లోపల మాత్రం ఏదో ముద్ద. బిల్లు ఇవ్వనంటే కొనకండి. డబ్బా మీద బ్యాచ్ నంబరు, తయారీ నెల, ధర ఉన్నాయా చూడండి. ప్యాడ్ మీద ముద్రించిన నంబరూ డబ్బా మీద నంబరూ ఒకటేనా చూడండి. ఇనుప పలక అంచులు గరుకుగా, రంగు పెచ్చులూడుతూ ఉంటే తిరిగి ఇచ్చేయండి.

ఒక షెడ్డులో నేను దగ్గర్నుంచి చూసిన దృశ్యం చెబుతాను. ఒకాయన ఘాటులో బ్రేకు సరిగా పడటం లేదని వచ్చాడు. "భాయ్, ఉన్నవాటిల్లోకెల్లా మంచి ప్యాడ్లు వెయ్యి, డబ్బు సంగతి చూడొద్దు" అన్నాడు. మెకానిక్ చక్రం తీసి, క్యాలిపర్ పైకెత్తి, పాత ప్యాడ్లు రెండూ తీసి ఆయన అరచేతిలో పెట్టాడు. "ముందు వీటిని చూడన్నా." బయటి ప్యాడ్లో ముద్ద ఇంకా వేలు సగం మందం ఉంది. లోపలి ప్యాడ్ మాత్రం ఇనుప పలక బయటపడేదాకా అరిగింది, ఒక మూల మెరుస్తోంది. ఒకే చక్రంలో రెండు ప్యాడ్లు, అంత తేడా. మెకానిక్ క్యాలిపర్‌ను చేత్తో అటూ ఇటూ కదపబోయాడు, కదలలేదు. క్యాలిపర్ జారే పిన్నులు రెండూ ఎర్రటి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి, వాటి మీది రబ్బరు తొడుగు చిరిగి మన ఎర్రమట్టి దుమ్మంతా లోపలికి చేరింది. పిస్టన్ లోపలి ప్యాడును తోస్తోంది, క్యాలిపర్ జారి బయటి ప్యాడును లాగాలి, అది జరగడం లేదు. అంటే ఆ కారు ఇన్నాళ్లూ సగం బ్రేకుతో నడిచింది. పిన్నులు శుభ్రం చేసి, వాటికి వాడే ప్రత్యేకమైన గ్రీసు పెట్టి, కొత్త రబ్బరు తొడుగులు వేసి, మామూలు మంచి ప్యాడ్లు వేస్తే ఆయన బ్రేకు ఆయనకు తిరిగొచ్చింది. ఎంత ఖరీదైన ప్యాడ్లు వేసినా ఆ పిన్నులు కదలకపోతే ఆ డబ్బు దండగే.

అందుకే కొత్త ప్యాడ్లకు ముందు పిన్నులు చూపించమని అడగండి. డిస్కు చూడండి. దాని మీద కనీస మందం అంకె చెక్కి ఉంటుంది, అంతకన్నా పల్చబడితే లేత్ పట్టించినా లాభం లేదు, మార్చాల్సిందే. గీతలు వేలుగోటికి తగిలేంత లోతుగా ఉంటే కొత్త ప్యాడ్ ఆ గీతల మీదే అరుగుతుంది. ముద్ద మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే మార్చే సమయం అయినట్టే. చాలా ప్యాడ్లకు ఒక చిన్న ఇనుప నాలుక ఉంటుంది, ఆ మందానికి రాగానే డిస్కుకు తగిలి కీచుమంటుంది. ఆ కీచు శబ్దాన్ని ఆయిల్ వేసి ఆపేవాళ్లను చూశాను. బ్రేకు మీద చుక్క ఆయిల్ పడినా ప్రాణాపాయమే, అలాంటి పని ఎవరినీ చేయనీయకండి.

మరి ఎవరు ఏది వేయించుకోవాలి? కదిరికీ ధర్మవరానికీ తిరిగే చిన్న కారు, ఎప్పుడో ఒకసారి తిరుమల. మీకు కంపెనీ ప్యాడ్లే సరి, లేదా 90 ఆర్ గుర్తుండి వాటికి సమానమైనవి. మిగిలే డబ్బు ఆయిల్ మీదా టైర్ల మీదా పెట్టండి. వారం వారం రాయచోటి మీదుగా కడపకు లోడుతో దిగేవాళ్లు, ట్రావెల్స్ నడిపేవాళ్లు, ఏడుగురు కూర్చునే పెద్ద బండ్లున్నవాళ్లు, మీరు నిజంగా మెరుగైనవాటికి అర్హులు. పేరున్న కంపెనీ సెమీ మెటాలిక్, డాట్ 4 ఆయిల్, రెండూ కలిపి వేయించండి. కాస్త శబ్దం, కాస్త పొడి భరించండి. మన దగ్గరి సోలార్ పార్కు పనులకు మట్టిదారుల్లో తిరిగే బండ్లకు రకం కన్నా శుభ్రం ముఖ్యం. నెలకోసారి చక్రాల లోపలి దుమ్ము కడిగించండి. ఇక విద్యుత్ కార్లు. మన నంబులపూలకుంటలో 2016 నుంచి ఎన్టీపీసీ వాళ్లు ఎండతో కరెంటు తీస్తున్నారు. విద్యుత్ కారు దిగుడులో కరెంటు తీసే ఆ పనే ఇంకో రకంగా చేస్తుంది, వేగాన్ని వేడిగా పోనీయకుండా మోటారు ద్వారా బ్యాటరీలోకి పంపుతుంది. వాటి ప్యాడ్లు ఏళ్ల తరబడి వస్తాయి. కాని వాడకపోవడం వల్లే పిన్నులు బిగుసుకుంటాయి, కాబట్టి ఏడాదికోసారి విప్పించండి.

ఏ ప్యాడ్ ఉన్నా దిగుడులో గేరు వదలొద్దు. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లు గేరులో దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలితే ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజన్ తిరగడానికి ఇంధనం కావాలి. అంటే గేరులో దిగడమే ఆదా. ఇంజన్ ఆఫ్ చేసి దిగితే ఇంకా ప్రమాదం. రెండు మూడు తొక్కుళ్లకే బ్రేకు బూస్టర్‌లో వాక్యూమ్ అయిపోయి పెడల్ రాయిలా అవుతుంది, స్టీరింగూ బిగుసుకుంటుంది. ఎక్కేటప్పుడు ఏ గేరు వాడారో దిగేటప్పుడూ దాదాపు అదే గేరు. ఆటోమేటిక్ అయితే ఎల్, లేదా చేత్తో మార్చే మోడ్. పెడల్ మీద కాలు ఆనించి ఉంచకుండా గట్టిగా తొక్కి, వేగం తగ్గించి, వదలాలి. ఆ వదిలిన కొద్దిసేపట్లో డిస్కుకు గాలి తగులుతుంది. తిరుమలలో ఘాటు దిగేందుకు కనీస సమయం పెట్టారు కదా, అంతకన్నా ముందే కిందికి చేరినవాళ్లు విసుక్కుంటారు. ఆ నిబంధన ఎన్ని బ్రేకులను చల్లగా ఉంచుతోందో ఆలోచించండి.

ఇక కొత్త ప్యాడ్లు వేయించిన రోజు. ముందు చక్రాలు రెండిటికీ కలిపి మార్చాలి, సెట్టులో నాలుగు ప్యాడ్లు అందుకే ఉంటాయి. పిస్టన్ వెనక్కి తోసినప్పుడు ఆయిల్ డబ్బా పొంగుతుంది, రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా చాలాసార్లు తొక్కండి. ఇది మరచి షెడ్డు గేటు దాటగానే మొదటి తొక్కుడుకు బ్రేకు పడక గోడకు కొట్టినవాళ్లున్నారు. తర్వాత ఊరి బయట ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేరని చూసుకుని, 60 నుంచి 15 దాకా మధ్యస్థంగా తొక్కి తగ్గించండి, పూర్తిగా ఆపొద్దు. మళ్లీ వేగం పెంచి, మళ్లీ తగ్గించండి. అలా ఎనిమిది పదిసార్లు. ఆ తర్వాత కొన్ని కిలోమీటర్లు బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి చల్లార్చండి. దీంతో ప్యాడ్ ముద్ద పలుచటి పొరగా డిస్కు మీద సమంగా పరుచుకుంటుంది. ఆ పని చేయకుండా నేరుగా ఘాటుకు పోతే పొర అతుకులతుకులుగా అంటుకుని స్టీరింగ్ అదరడం మొదలవుతుంది, డిస్కు వంకరపోయిందని మళ్లీ ఖర్చు పెడతారు. కాబట్టి ప్యాడ్లు మార్చిన వారంలో గువ్వలచెరువు గాని తిరుమల గాని పెట్టుకోకండి. కదిరి దాకా రెండు మూడుసార్లు తిరిగి రండి, ఆ తర్వాత బయలుదేరండి.